మంచమంత ఆకాశం

అనకాపల్లిలో కరెంటు తీగలు పీకేసి, ఎవరింటి కరెంటు వాళ్లే డాబా మీద తయారుచేసుకోవాలన్నాక, వీధిలో సోలార్ పలకలు కప్పని డాబా పైడమ్మది ఒక్కటే మిగిలింది. నడవలేని కూతురు నీలవేణికి డాబా మీద మంచంలో పడుకుని ఆకాశం చూడటమే లోకం. ఆ పిల్ల కోసమే మొగుడూ పెళ్లాలు ఫ్యాను లేకుండా ఎండాకాలాలు గడిపారు. మొన్న శ్రావణంలో నీలవేణి పోయింది.

పలకలు బిగించే మనిషి వచ్చాడు.

"మంచం పట్టేంత జాగా వొదిలెయ్ బాబూ," అంది పైడమ్మ.

భర్త సత్యం తల అడ్డంగా ఊపాడు. "వొద్దే. ఆ కాళీ జాగా సూస్తూ నాను బతకలేను. మొత్తం కప్పించెయ్."

పైడమ్మ చాలాసేపు పైకి చూసి, సరేనంది.

సాయంత్రానికి ఇంట్లో ఫ్యాను తిరిగింది. దాని కింద కూర్చోలేక ఇద్దరూ వీధి అరుగు మీదికి వచ్చేశారు.