కాగితం బిరడా

“కాగితమా? నా తుపాకీలోనా? చస్తే కూరను!”

కంచె దాకా పరుగున వచ్చిన ఆర్మింటా ఆ మాట విని ఠక్కున ఆగిపోయింది. పెరట్లో మొగుడు హైరమ్ ఒక్కడే ఉంటాడనుకుంది. తీరా చూస్తే మొద్దు మీద పక్కింటి క్లెమ్ కూడా ఉన్నాడు. తుపాకీలో ఇంకా గుండు పడలేదు గానీ, ఆమె గుండె మాత్రం జారి కాళ్ల దగ్గర పడింది.

హైరమ్‌కి చదువు రాదు. క్లెమ్‌కి వచ్చు. పైగా క్లెమ్ ఒక ముక్క చదివాడంటే పొద్దుగూకేలోగా ఆ టెనసీ కొండల్లో ప్రతి ఇల్లూ ఆ ముక్కే నములుతుంది.

పొద్దున్నే హైరమ్ తుపాకీలో కూరే బిరడాలకని కందిరీగల గూడు కోసం అడవిలోకి వెళ్లగానే, ఆమె ఒక ఉత్తరం రాసి నిప్పుగూటి పైబల్ల మీద పెట్టింది. చర్చికి వేసుకునే బూట్లు తొడుక్కుని, మూట చంకన పెట్టుకుని బయల్దేరింది.

‘పదకొండేళ్లలో నాతో ఒక్క మంచిమాట అనలేదు. ఆ టోపీ రొట్టె తినేటప్పుడూ తియ్యవు, పడుకునేటప్పుడూ తియ్యవు. ఈ చలికాలం నుంచి శనివారం వస్తే చాలు, టోలివర్ కొట్టుకి పోయి, తుపాకీ మందు కలిపి కలిపి నల్లబడ్డ వేళ్లతో చీకటి పడ్డాక వస్తావు. నీకు టోపీ ఉంది, తుపాకీ ఉంది. నేనెందుకు? మేరీవిల్‌లో మా అక్క దగ్గరికి పోతున్నాను.’

క్లెమ్ చేత చదివించుకుంటాడులే అనుకుంది. అప్పటి కోపం అలాంటిది.

ఏటి రేవు దగ్గర రాయి మీద కూర్చుని రొట్టె మూట విప్పింది. చూస్తే, అలవాటు కొద్దీ ఇద్దరికి కట్టుకొచ్చింది. హైరమ్‌కి ఇష్టమని మాడిన అంచు విడిగా చుట్టి మరీ తెచ్చింది. ఆ అంచు వంక చాలాసేపు చూసి, “నీ మొహం మండా!” అనుకుంటూ మూట కట్టేసి వెనక్కి తిరిగింది.

ఇప్పుడిక ఆ ఉత్తరం ఎవరి కంటా పడకుండా మంటలో పడాలి. మూటని కోళ్లగూడు చాటుకి తోసి, వెనక తలుపు నుంచి ఇంట్లోకి దూరింది. పైబల్ల మీద గడియారం ఉంది. దీపం ఉంది. ఉత్తరం లేదు.

బయట క్లెమ్ గొంతు మోగుతోంది.

“తుపాకీలో కూరడానికి ఇన్ని రకాలా? మా ఆవిడ కూరలో కూడా ఇన్ని వెయ్యదు! శనివారం గురి పోటీకేగా, పాత పేపరు ఉండచుట్టి దట్టించెయ్.”

“ఎండాకుల కాలంలో కాగితం బిరడా పేలిస్తే నిప్పు ఎగిరి కొండంతా అంటుకుంటుంది. కందిరీగల గూడు అంటుకోదు గానీ పొడైపోతుంది. నారపీచు పెడితే గుళ్లు తలోదిక్కూ పోతాయి. మందుకీ గుళ్లకీ మధ్య బిగుసుకుని కూర్చునేది ఒకటే ఉంది.”

హైరమ్ తన దళసరి ఉన్ని టోపీ తీశాడు. దాన్ని చెక్క మీద పరిచి, పదునైన ఇనప గొట్టం ఆనించి సుత్తితో ఒక్కటేశాడు. తుపాకీ గొట్టానికి సరిగ్గా సరిపోయే గుండ్రటి బిళ్ల ఊడిపడింది.

గుమ్మంలోకొచ్చిన ఆర్మింటా నోరు తెరిచేసింది.

“ఓరి నీ దుంపతెగ! ఆ టోపీనా?” అని క్లెమ్ లేచి నిలబడ్డాడు. “అందులో ఉన్న పేలు చాలయ్యా, మందు లేకుండానే పేలుతుంది!”

హైరమ్ తల తిప్పి ఆర్మింటాని చూశాడు. ఆమె బూట్లకున్న ఏటి బురదనీ చూశాడు.

“వచ్చావా మింటీ?” అన్నాడంతే.

“గడియారం పక్కన ఒక కాగితముండాలి...” ఆమె ఇంట్లోకి వేలు చూపించింది.

“మడిచి ఉంది, అదేనా?” మళ్లీ సుత్తి వేశాడు. “ఇందాక చేలో కాకి వాలితే, చేతికదే దొరికింది. తుపాకీలో కూరి పేల్చేశాను.”

“మొత్తమా?”

“కాకి మిగిలింది. కాగితం మిగల్లేదు.”

“మరి... ఎవరైనా చదివారా?”

“అరెరె, నేనప్పటికింకా రాలేదే!” అన్నాడు క్లెమ్. “నాకిస్తే చదివి పెట్టేవాణ్ణి కదరా!”

“నీకిచ్చేకన్నా తుపాకీకిస్తేనే నయం. అది ఒక్కసారే పేలుతుంది.”

ఆర్మింటాకి నవ్వొచ్చింది. మొదలయ్యాక ఆగలేదు. గుమ్మం పట్టుకుని, కళ్లెంట నీళ్లు కారేదాకా నవ్వింది. పొద్దుటినుంచీ గుండెల మీద కూర్చున్న కొండ దుమ్ములా ఎగిరిపోయింది.

“ముఖ్యమైందేమోనే?” అన్నాడు హైరమ్.

“ఛ! సబ్బు ఎలా వండాలో రాసుకున్నా, అంతే. పేలిస్తే పేల్చావులే!”

క్లెమ్ మూతి ముడుచుకుని ఇంటిదారి పట్టాడు. ఆర్మింటా కోళ్లగూడు చాటు నుంచి మూట తెచ్చి, మాడిన రొట్టె అంచు మొగుడి చేతిలో పెట్టింది. ఎక్కడికి వెళ్లావని అతను అడగలేదు. బతికాన్రా దేవుడా అనుకుంది.

“మొద్దు పక్కన ఆ సంచీలో బిరడాలు సరిపడా ఉన్నాయో లేదో చూడు,” అన్నాడు హైరమ్, రొట్టె వంకే చూస్తూ. టోపీ లేని బట్టతల ఎండకి మెరుస్తోంది. నల్లటి వేళ్లతో ఆ అంచు తుంచుతున్నాడు.

ఆమె సంచీలో చెయ్యి పెట్టింది. మెత్తటి టోపీ బిళ్లలు, వాటి కింద కందిరీగల గూటి పొరలు, అట్టడుగున మడిచిన కాగితం. విప్పితే తన రాతే. మసి మరక ఒక్కటైనా లేదు.

కింద, ఆ వేళ్లకంటిన నల్ల సిరాతోనే, శనివారాల్లో కొత్తగా నేర్చిన వంకర అక్షరాల్లో, ‘టోపీ కోసేస్తాను, ఉండిపో’ అని ఉంది.