బుధవారం దొంగ

…అయినా, దొంగ ఫోను చెయ్యట్లేదని బెంగపెట్టుకునే మనిషి ఎక్కడైనా ఉంటుందా?

ఉంది. ఫొటో స్టూడియో బల్ల వెనక, కత్తెర చేతిలో పట్టుకుని, ఏం కత్తిరించాలో మరిచిపోయి.

వాడు బుధవారం బుధవారం చేసేవాడు. భర్త లోపలి గదిలో మిషను హోరు మధ్య ప్రింట్లు తీసుకుంటుంటే, ముందు గదిలో ఆమె ఫోను మోగేది. ఎప్పుడు విన్నా జలుబు చేసిన గొంతే.

"మేడమ్, కంపెనీ నుంచి. మీ స్టూడియో ఖాతా మూతపడబోతోంది. ఇప్పుడొచ్చిన కోడ్ చెప్పండి."

మొదటిసారి సగం అంకెలు చెప్పేసింది కూడా. అదృష్టం, లైను తెగిపోయింది.

"మాలోకం!" అన్నాడు భర్త. "ఊళ్లోవాళ్ల మొహాలన్నీ ఆ ఖాతాలోనే ఉన్నాయి. అడిగితే ఇచ్చేయడమేనా?"

"పాపం, మర్యాదగా అడిగాడండీ."

"మరి దొంగలు గద్దించి అడుగుతారా? కోడ్ పంపేది కంపెనీయే. తను పంపింది తనే ఎందుకు అడుగుతుంది?"

ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ మార్పించాడు. ఇకనుంచి అది నీ దగ్గరే ఉండాలని పట్టుబట్టాడు. ఎందుకో చెప్పలేదు.

రానురాను ఆమెకి నోరొచ్చింది.

"కోడ్ చెప్పండి మేడమ్, అర్జెంటు."

"మా అత్తగారికి తెలుసు. ఆవిడ పోయి చాన్నాళ్లయింది, వెళ్లి అడిగిరా."

అవతల నవ్వు దగ్గులోకి తిరిగింది.

"దొంగతనం తర్వాత నాయనా, ముందు ఆ దగ్గు ఎవరికైనా చూపించుకో."

పెట్టేసి లోపలికి కేకేసేది. "ఏమండీ, మళ్లీ వాడే!"

"చెప్పావా?"

"నేనా? కడిగిపారేశాను!"

తెర వెనక ఈలపాట మొదలయ్యేది.

భర్త పోయాడు. అప్పట్నుంచి వాడూ చెయ్యలేదు. దొంగకైనా జాలి ఉంటుంది కాబోలు అనుకుంది.

ఇవాళ పొద్దున ఇంకెవరో చేశారు. తేనెలాంటి ఆడగొంతు. భర్త పోయిన సంగతి కూడా తెలుసు.

"మీవారి ఫొటోలన్నీ సాయంత్రానికి చెరిగిపోతాయమ్మా. కోడ్ చెబితే ఆపుతాను."

మొదటి అంకె నాలుక మీదికొచ్చింది. సరిగ్గా అప్పుడే జలుబు గొంతు గుర్తొచ్చింది. పెట్టేసింది.

మధ్యాహ్నం పక్క కొట్లో బట్టలు కుట్టే అమ్మాయి ఏడుస్తూ వచ్చింది.

"తియ్యగా మాట్లాడింది, చెప్పేశానక్కా. నా ఖాతా నాకే తెరుచుకోవట్లేదు. నీకూ చేసిందా? ఎలా తప్పించుకున్నావు?"

"నాకో దొంగ నేర్పాడే."

ఆ అమ్మాయిని ఓదార్చి పంపి, లోపలి గది సర్దడానికి వెళ్లింది. ఫొటో కాగితాల కట్టల వెనక పాత ఫోనొకటి దొరికింది. ఫొటోలకొచ్చినవాళ్లు గొడుగులు, కళ్లజోళ్లు మరిచిపోవడం మామూలే. సొంతదారే చేస్తాడులే అని ఛార్జింగు పెట్టి, ఆన్ చేసి, వచ్చి బల్ల దగ్గర కూర్చుంది.

వాడికొక్క మాట చెప్పాలనిపించింది. వాడి నంబరు 'దొంగవెధవ' అని దాచుకుంది. దాన్ని చూస్తూ చాలాసేపు తటపటాయించింది. నొక్కింది.

లోపలి గదిలో ఏదో మోగింది.

తెర తొలగించి చూసింది. ఛార్జింగు తీగ చివర పాత ఫోను వెలుగుతోంది. దాని మీద ఆమె పేరు లేదు, 'మాలోకం' అని ఉంది.

ఆ ఫోను ఎత్తి, రెండో చెవికి ఆనించుకుని, "నేను చెప్పలేదండీ," అంది.