పన్నెండు లోపు దెబ్బ

ఈస్టర్ సోమవారం. పన్నెండుకింకా పది నిమిషాలుంది. ఇవాళ మగవాళ్లు ఆడవాళ్లకి వేసే కొరడా దెబ్బకి పన్నెండు దాటితే విలువ లేదు. మా వీధిలో మగవాళ్లెవరూ మిగల్లేదు కాబట్టి, పచ్చి విల్లో చెట్టు కొమ్మలతో నేనే కొరడా అల్లి, మా మేడ మీద దిగిన జపాను యాత్రికుడి చేతిలో పెట్టాను.

"కొట్టు బాబూ!"

"పెద్దవారిని నేను కొట్టనండీ!" అని గదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు.

తలుపు బాదాను. "మా ఆచారాలు చూడ్డానికేగా వచ్చావు? ఇవాళ దెబ్బ పడని ఆడది ఏడాదంతా ఎండిపోతుందయ్యా! ఎనభై రెండేళ్లుగా పచ్చగా ఉన్నదాన్ని, నీ మర్యాద కోసం వడిలిపోవాలా?"

తలుపు తీసి, కళ్లు మూసుకుని, దుమ్ము దులిపినట్టు నా పావడా మీద ఒకటి వేశాడు. కొట్టినవాడికి ఇచ్చే ఆనవాయితీ ప్రకారం రంగుగుడ్డూ, చిన్న గ్లాసుడు ప్లమ్ సారాయీ ఇచ్చాను.

వెంటనే కిటికీలోంచి ఎదురింటికి వినబడేలా అరిచాను. "ఏమే జ్దిస్లావా! నాకు పడింది! నీకో?"

జ్దిస్లావా తన కిటికీ దగ్గర కూర్చుని వీధి వైపే చూస్తోంది. ఆవిడ ఒళ్లో బుట్టెడు రంగుగుడ్లు అలాగే ఉన్నాయి.

చర్చి గంట పన్నెండు కొట్టింది.

నేను గోడ గడియారం ముల్లు వెనక్కి తిప్పాను.

"ఎదురింటికి పరుగెత్తు నాయనా, ఇంకా ఐదు నిమిషాలుంది. దాన్ని కాస్త గట్టిగా కొట్టు. మొగుడు పోయిన మూడేళ్లుగా ఎండిపోతోంది."