వెంట్రుకవాసి

చీకటి పడేలోగా కావాల్సిన పనులు: ఇంజనుకీ స్టీరింగుకీ మధ్యనున్న కడ్డీ విప్పాలి. పట్టేసిన కేబుల్‌ని కదిలించాలి. గొట్టంలో పాత గ్రీజు గీకి కొత్తది పెట్టాలి. పడవని నీళ్ళలోకి దించాలి. లౌడ్‌స్పీకర్ నోరు మూయించాలి.

చివరిది ఆమె చేర్చింది.

"అది మాత్రం నావల్ల కాదమ్మా" అన్నాడు మెకానిక్, పడవ వెనకభాగంలో మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుంటూ. "మిగతావి చూద్దాం."

లౌడ్‌స్పీకర్ అంటే రేవులో టిక్కెట్లు చింపే మనిషి. తన పేరు అతనే మర్చిపోయి ఉంటాడు. అప్పుడు షెడ్డు గుమ్మానికి ఆనుకుని వేడుక చూస్తున్నాడు.

రేపు పొద్దున ఆమెకి పడవ నడిపే లైసెన్సు పరీక్ష. పాసైతే, పిల్లల్ని అవతలి ఒడ్డున బడికి దాటించే పడవ ఆమె చేతికొస్తుంది. పరీక్షకి ఎవరి పడవ వాళ్ళే తెచ్చుకోవాలి. ఈసారి తప్పితే వచ్చే ఏడు వయసు అడ్డొస్తుంది. పడవ చూస్తే వానాకాలమంతా షెడ్డులో ఊరికే పడుండి, స్టీరింగు చక్రం బిగుసుకుపోయింది.

"ఊళ్ళో అందరి పడవలూ బాగుచేస్తావు. మన పడవ దగ్గరికొచ్చేసరికి రేపు, ఎల్లుండి అంటావు నాన్నా."

"దెప్పకమ్మా. ఆ పానా ఇలా ఇవ్వు."

కడ్డీ విప్పాక, పడవ వెనక తగిలించిన ఇంజన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి చూశాడు. సులువుగా తిరిగింది.

"ఇంజను మంచిదే. దొంగ ఇక్కడున్నాడు" అంటూ దాని ముందున్న ఇనప గొట్టాన్ని తట్టాడు. కేబుల్ చివరి ఉక్కు ఊచ ఆ గొట్టంలో జారితేనే ఇంజను పక్కకి తిరిగేది. పాత గ్రీజు రాయిలా గట్టిపడి, తుప్పుతో కలిసి ఊచని కరిచిపట్టుకుంది.

నూనె కొట్టాడు. వేడిగాలి మిషన్‌తో గొట్టాన్ని కాచాడు. ఊచ చివర చెక్కముక్క ఆనించి సుత్తితో కొట్టాడు. గ్రీజు అంటకుండా జుట్టంతా కప్పేలా తలకి గుడ్డ చుట్టుకుని, ఆమె చక్రం దగ్గర కూర్చుంది.

"ఏమయ్యా, ఈ వయసులో ఇదేం సరదా?" అన్నాడు లౌడ్‌స్పీకర్. "చక్కగా ఇంటిపట్టున కూర్చోబెట్టుకోక!"

"కూర్చోబెట్టానుగా. చక్రం ముందు."

ఆమె పకపకా నవ్వింది. లౌడ్‌స్పీకర్ నవ్వలేదు. "పరీక్ష పెట్టే ఆఫీసరు చండశాసనుడు. ఆయన ముందు నవ్వులపాలైతే పోయేది మీ ఇంటి పరువే."

"మా ఇంటి పరువు అదిగో, గోడకి వేలాడుతోంది" అంది ఆమె.

గోడ మీద ఉన్నది మెకానిక్ డిప్లొమా. ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి పట్టా అదే. రోజూ దాని అద్దం తుడిచేది ఆమె. ఈమధ్య మెకానిక్ దాని పక్కనే ఇంకో మేకు కొట్టాడు. ఖాళీ మేకు ఎందుకని ఎవరైనా అడిగితే, "ఖాళీగా ఉండదులెండి" అంటాడు.

ఎండ వాలింది. ఊచ కదల్లేదు. బట్టతల మీది చెమట కళ్ళలోకి కారుతోంది. మెకానిక్ చెక్కముక్క పక్కన పారేసి పెద్ద సుత్తి అందుకున్నాడు.

"ఆగు నాన్నా! అలా బాదితే ఊచ చివర విచ్చుకుపోతుంది. ఇక గొట్టంలోంచి జన్మలో రాదు."

"మరేం చెయ్యమంటావమ్మా? పొద్దున్నే పరీక్ష పెట్టుకుని..."

"వేలికి నట్టు ఇరుక్కున్న రోజు గుర్తుందా?"

మెకానిక్ సుత్తి దించాడు. "ఎందుకు లేదూ! ఆ ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది."

"గుంజినకొద్దీ వేలు వాచిపోయింది. చివరికెలా వచ్చింది?"

"నూనె రాసి... వెంట్రుకవాసి అటు, వెంట్రుకవాసి ఇటు."

"మరి?"

మళ్ళీ నూనె కొట్టాడు. మళ్ళీ వెచ్చబెట్టాడు. చెక్కముక్క ఆనించి, ఈసారి చిన్న సుత్తితో నిదానంగా తట్టసాగాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆమె చక్రాన్ని అటు ఒత్తి, ఇటు ఒత్తింది. బలమంతా పెట్టలేదు. మారాం చేసే పిల్లని బుజ్జగించినట్టు చేసింది. లౌడ్‌స్పీకర్ ఆవలించాడు.

గొట్టం కిర్రుమంది.

"అమ్మా!"

"విన్నాను. ఆగకు."

ఎర్రటి తుప్పునీళ్ళు కారాయి. చక్రం బెత్తెడు కదిలింది. ఇంకో బెత్తెడు. ఆపైన ఈ చివర నుంచి ఆ చివరికి గిర్రున తిరిగింది. ఆమె రెండు చేతులూ పైకెత్తి కేక వేసింది. మెకానిక్ ఊచని బయటికి లాగి, మెరిసేదాకా రుద్ది, గొట్టంలో బ్రష్షు ఆడించి, కొత్త గ్రీజు పూసి మళ్ళీ బిగించాడు. పడవ దించేటప్పుడు ఎవరూ పిలవకుండానే లౌడ్‌స్పీకర్ వచ్చి భుజం పట్టాడు.

పొద్దున గాలి అడ్డంగా వీచింది. ఆఫీసరు నీళ్ళలో తేలే డబ్బాలు కట్టించాడు. ఆమె వాటి మధ్య పడవని మెలికలు తిప్పుతుంటే, ఒడ్డున మెకానిక్ గాల్లో లేని చక్రాన్ని తిప్పాడు. పడవ వచ్చి రేవుకి ఆనిన చప్పుడు కూడా వినపడలేదు. ఆఫీసరు అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

అనుకున్న పనుల్లో ఒక్కటే మిగిలిపోయింది. లౌడ్‌స్పీకర్ నోరు మూతపడలేదు.

"పాసు! మన రేవు మనిషి పాసు!" అని అవతలి ఒడ్డుకి వినపడేలా అరిచాడు.

ఇప్పుడా మేకుకి లైసెన్సు వేలాడుతోంది. దాని అద్దం రోజూ మెకానిక్ తుడుస్తాడు.

మీరెప్పుడైనా ఆ రేవులో బడిపిల్లల పడవ ఎక్కితే, చక్రం పట్టిన ఆమెని గుర్తుపెట్టుకోండి. ఆనాడు మెకానిక్ బుజ్జి వేలి నుంచి నట్టు తీసిన తల్లి ఆమే.