మర్యాదగల అద్దం

వకుళ మొగుడు కామేశానికి పరువంటే ఎంత ప్రాణమంటే, ఆవిడ లంగాలు కూడా తువ్వాళ్ల చాటునే ఆరాలి.

ఆ రోజుల్లో ప్రతి స్నానాలగదిలోనూ రొమ్ములో గడ్డల్ని పసిగట్టే అద్దం ఉండేది. చేత్తో తడిమి చూసుకోవడం ఆడవాళ్లు మరిచేపోయారు. నెలకోసారి అద్దం మగగొంతుతో "అంతా బాగుందమ్మా" అనేది. ఆ ఇంట్లో తన క్షేమం పట్టించుకునేది అదొక్కటే కనక, వకుళ "సంతోషం నాయనా" అని బదులిచ్చేది.

ఒకరోజు సబ్బు రుద్దుకుంటుంటే రొమ్ము పక్కన బఠాణీగింజంత గడ్డ గట్టిగా తగిలింది. అద్దం మాత్రం అంతా బాగుందనే అంది.

"దానికన్నా నీకెక్కువ తెలుసా?" అన్నాడు కామేశం, తల తిప్పకుండానే.

వకుళ ఒక్కతే ఆసుపత్రికి వెళ్లింది, ఫలితానికీ ఒక్కతే వెళ్లింది.

"కేన్సరేనమ్మా. తొలిదశలోనే వచ్చారు, నయం చెయ్యొచ్చు," అంది డాక్టరమ్మ. "మీ అద్దం మాకు పంపిన బొమ్మలన్నీ మెడ దాకానే ఉన్నాయి. ఒళ్లు కనపడకుండా చేసే మర్యాద మీట ఎవరు నొక్కారు?"

ఇంటికొచ్చి వకుళ అద్దం ముందు నిలబడి మొగుణ్ణి అదే ప్రశ్న అడిగింది. కామేశం స్నానాలగది గుమ్మం దాకా వచ్చాడు.

"మగగొంతు కదాని నేనే నొక్కాను," అన్నాడు, అద్దంలో కనిపిస్తున్న ఆవిడ ముఖంతో. "తప్పు నాదే, వకుళా."