గడ్డి గుంట

మెకానిక్ తొట్టె ఎత్తి, నల్లటి ఆయిల్ నీళ్లు రోడ్డు పక్క కాలువలోకి ఒంపబోయాడు. ఒక ముసలి చెయ్యి తొట్టె అంచు పట్టుకుంది.

"పొయ్యకు నాయనా."

షెడ్డు పక్క గుంటలో రోజూ తుంగ గడ్డి సర్దుతూ కనిపించే పెద్దావిడ. వీధంతా ఆవిణ్ణి గడ్డి మామ్మ అంటారు.

"కాలువ ఉన్నది మురికి పోవడానికే కదా మామ్మా?"

"వాన నీళ్లు పోవడానికి. అవి ముందు ఈ గుంటలో ఆగుతాయి. మురికంతా గడ్డి పట్టుకుంటే, తేట నీళ్లే చెరువుకి పోతాయి. ఆయిల్ పోస్తే గడ్డి చచ్చిపోదూ?"

"సరే సరే" అన్నాడు. ఆవిడ అటు తిరగ్గానే తొట్టె ఒంపేశాడు.

అసలా గుంట మీద అతని కన్ను ఎప్పటినుంచో ఉంది. అడిగే దిక్కులేని జాగా. పూడిస్తే పది బళ్లు పెట్టుకోవచ్చు.

మర్నాడే లారీతో రాళ్లూ ఇటుక ముక్కలూ గుంటలో పోయించాడు.

మామ్మ నోరు చేసుకోలేదు. గుంట అంచున కూర్చుని, ఒక్కో ఇటుక ముక్కా తీసి పక్కన పెట్టసాగింది.

"నీకింకేం పనిలేదా?" అని కసిరాడు.

"ఇదే పని నాయనా."

కొన్నాళ్లకి ఆవిడ రావడం మానేసింది. హమ్మయ్య అనుకున్నాడు.

ఆ తర్వాత కుండపోత వాన. వీధి నీళ్లు ఎక్కడా ఆగకుండా నేరుగా చెరువులో పడ్డాయి. తెల్లారేసరికి చేపలు వెల్లకిలా తేలాయి.

భార్య గ్లాసు తెచ్చి అతని ముక్కు దగ్గర పెట్టింది.

"చెరువు నుంచి వచ్చే కొళాయి నీళ్లు. పాపకి ఇవే పట్టమంటావా?"

ఆయిల్ వాసన. ఏళ్లుగా తన ఒంటికి పట్టిన వాసనే.

గునపం, తట్ట పట్టుకుని గుంటలోకి దిగాడు. అరచేతులు బొబ్బలెక్కినా ఆగలేదు. మామ్మ కనబడితే కాళ్ల మీద పడాలనుకున్నాడు.

చేపలు చచ్చాయని తెలిసి మధ్యాహ్నం మునిసిపాలిటీ ఇంజనీరమ్మ వచ్చింది.

"గడ్డి మామ్మ ఎక్కడుంటుందో తెలుసా మేడమ్? ఒక్కసారి కలవాలి."

"ఆవిడ పోయారు. జ్వరంతో. పోయిన వారమే."

అతను గునపం దించాడు. గుంటలోనే, రాళ్ల మీద కూలబడ్డాడు.

"మీ ఆఫీసు మనిషా ఆవిడ?"

"కాదు" అంది ఇంజనీరమ్మ. "ఇల్లు కట్టుకుందామని రూపాయి రూపాయి కూడబెట్టి కొనుక్కున్న ఈ స్థలాన్ని, చెరువు పాడైపోతోందని వాన నీళ్లకి వదిలేసి, పోయేదాకా అద్దె గదిలోనే ఉన్నారు."