రెండొందల యాభై ప్లేట్లు

"తిన్నా తినకపోయినా రెండొందల యాభై ప్లేట్లకు కట్టాల్సిందే సామంత బాబూ," అన్నాడు క్యాటరర్ నందీ, టీ కప్పు పక్కన పెడుతూ.

తారాపద సామంతకు ఒళ్ళు మండిపోయింది. కూతురు పియాలి పెళ్ళికి ఎంత లాగినా నూట డెబ్బై మందికి మించి తేలడం లేదు.

"రాని మనిషి తిండికి కూడా నేనే కట్టాలా? ఇదెక్కడి న్యాయమయ్యా?"

"కనీస గ్యారంటీ అంటారండీ దాన్ని. ఇప్పుడందరూ పెడుతున్నారు."

"మరి ఈ సర్వీస్ చార్జీ ఏంటి?"

"వడ్డించినందుకు."

"వడ్డించకపోతే భేట్కీ చేప ఫ్రై దానంతటదే ఎగిరొచ్చి ప్లేట్లో పడుతుందా? గిన్నెలు తోమినందుకు వేరే, వ్యాను కిరాయి వేరే, కిళ్ళీలు కట్టేవాడికి వేరే. ఆఖరికి నీ పనివాళ్ళ తిండి కూడా నా నెత్తినేనా?"

"వాళ్ళకీ ఆకలేస్తుంది కదండీ."

ఇతన్ని వెతికి పట్టుకొచ్చింది పియాలే. ఆ పిల్ల మాత్రం తనకేం పట్టనట్టు గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. పోనీ ఇంకొకణ్ణి చూద్దామా అంటే, ఈ నెల దాటితే మళ్ళీ ముహూర్తాలు లేవు. చందన్‌నగర్‌లో ఉన్న క్యాటరర్లంతా ఎప్పుడో బుక్కైపోయారు. తారాపద పళ్ళు నూరుకుంటూ అడ్వాన్సు చేతిలో పెట్టాడు.

మర్నాటి నుంచి ఆయన కంటికి మనుషులు ప్లేట్లలా కనబడసాగారు. హోమియో డాక్టర్ని పిలిచాడు, ఆయన కాంపౌండర్నీ పిలిచాడు. గడ్డం గీసే మంగలిని పిలిచాడు. పడవల రేవులో టికెట్లిచ్చే మనిషిని, పేరు కూడా సరిగ్గా గుర్తులేని పాత ఆఫీసువాళ్ళని ఇంటింటికీ వెళ్ళి మరీ పిలిచాడు. "కుటుంబంతో రావాలి, అత్తగారున్నా తీసుకురండి," అని బతిమాలాడు. కాళ్ళరిగేలా తిరిగినా ఇంకా పదిహేను ప్లేట్లు మిగిలే ఉన్నాయి.

"మీ తమ్ముడింట్లో సరిగ్గా పదిహేను మంది," అంది భార్య లతిక మెల్లిగా.

"వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నానా లేదా?"

చేపల చెరువు పంపకంలో మాటామాటా అనుకున్నాక తారాపద మళ్ళీ తమ్ముడు హరిపద గుమ్మం తొక్కలేదు. రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క వీధే.

"పెళ్ళికూతుర్ని పీట మీద కూర్చోబెట్టి పెళ్ళికొడుకు చుట్టూ తిప్పాలి. ఎవరెత్తుతారు? దీనికున్న అన్నలు ఆ ఇంట్లోనే ఉన్నారు," అంది లతిక.

"కూలికి మనుషుల్ని పెడతాను."

పియాలి తలెత్తింది. "వద్దులే అమ్మా, బాబాయిని పిలవనే వద్దు. పదిహేను ప్లేట్ల డబ్బేగా, పోతే పోనీ. మిగిలిన మటన్ వీధి కుక్కలకు పెడదాం."

"పోతే పోనీనా? ఎవడబ్బ సొమ్మనుకున్నావే?"

తన డబ్బుతో వండిన మటన్ కుక్కలు తింటాయన్న మాట ఆయనకు ఎక్కడో గట్టిగా తగిలింది. అదే సాయంత్రం శుభలేఖ, సందేశ్ మిఠాయి పెట్టె పట్టుకుని తమ్ముడి గుమ్మంలో నిలబడ్డాడు. కాలు మాత్రం లోపలికి పడలేదు.

"ఇన్నేళ్ళకు గుర్తొచ్చానా దాదా?" అన్నాడు హరిపద.

"గుర్తొచ్చి కాదు. ప్లేట్లు మిగిలిపోయాయి."

హరిపద అన్న చేతిలోని శుభలేఖ అందుకున్నాడు. "ఎన్ని?"

"పదిహేను."

"మా బావమరిది వచ్చి ఉన్నాడు. పదహారు చెయ్యి."

"ఒక్కో ప్లేటు ఎంతో తెలుసట్రా నీకు?" అని కసిరి, కసురుతూనే లోపలికొచ్చి కూర్చున్నాడు తారాపద.

పెళ్ళినాడు హరిపద కొడుకులే పియాలిని పీటతో సహా పైకెత్తారు. ఆ పిల్ల ఆచారం ప్రకారం తమలపాకులు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. "ఒరేయ్ నెమ్మది, పడేస్తారు," అంటూ హరిపద వెనకాలే పీటకు చెయ్యి ఆనించి నడిచాడు. తారాపద తమ్ముడి చేతినే చూస్తూ నిలబడ్డాడు. అంతలోనే చూపు భోజనాల హాలు వైపు పోయింది. రావాల్సినవాళ్ళలో చాలామంది ఎగ్గొట్టారు. పాతిక ప్లేట్లు గంగపాలు.

మర్నాడు కూతుర్ని అత్తారింటికి సాగనంపి, ఎర్రబడ్డ కళ్ళతో కూర్చున్న మనిషి ముందు నందీ బిల్లు పెట్టాడు. తారాపద పోట్లాటకు సిద్ధమయ్యే అందుకున్నాడు. ఒకసారి చూశాడు. అనుమానమొచ్చి మళ్ళీ చూశాడు.

"ఇదేంటి, రెండొందల పాతికకే వేశావు?"

"తిన్నది అంతమందేగా."

"మరి నీ గ్యారంటీ ఏమైంది?"

నందీ నసిగాడు. "మా దగ్గర అలాంటిదెప్పుడూ లేదండీ. ప్లేట్లు దండగైపోతాయంటే తప్ప మీరు మీ తమ్ముడింటికి వెళ్ళరని, ఆ మాట నాచేత చెప్పించింది మీ అమ్మాయే."